టిడ్వెల్ రేవులో పాత కాటా

చలి నీళ్ళలో ఆర్వెల్లా మాక్స్‌ఫీల్డ్ ముందు ఎవరి ఆటలూ సాగవు. ఈ సంగతి సోర్‌వుడ్ సరస్సు చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఒప్పుకునేవాళ్ళే తక్కువ. ఎండాకాలంలో పెట్టెల నిండా రంగురంగుల ఎరలు నింపుకుని మోటారు పడవల మీద ఊరేగే మగమహారాజులంతా జనవరి వచ్చేసరికి టిడ్వెల్ రేవు కొట్లో పొయ్యి చుట్టూ చేరతారు. అక్కడ కూర్చుని వాళ్ళు పట్టే చేపలకి అంతుండదు. ఆర్వెల్లా గాలపు కర్ర తీసేది సరిగ్గా అప్పుడే.

ఆమె పెళ్ళయిన ఏడు నుంచి పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ మూసేశారు గానీ వేళ్ళు ఊరుకోవు కదా. వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని ఈక ఎరలు కట్టడం మొదలుపెట్టింది. చిటికెనవేలి గోరంత సీసపు గుండు, దానికి రెండు కళ్ళు, వెనక బాతు ఈకల కుచ్చు, అంతే సరుకు. చూసినవాళ్ళు ముందు నవ్వుతారు. పిట్ట కొంచెం కూత ఘనం అని వాళ్ళకి తెలిసేది తర్వాత.

చలిలో బాస్ చేప అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి లాంటిది. తిండి దగ్గరికి తను పోదు, తిండే నోటి దగ్గరికి రావాలి. నీళ్ళలోకి నిట్టనిలువుగా దిగే రాతిగోడల పక్కన, అడుగుకీ పైకీ మధ్యన, కదలకుండా వేలాడుతూ ఉంటుంది. దాని ముందు నుంచి ఏదైనా సర్రున పోతే కన్నెత్తి కూడా చూడదు. అందుకని ఆర్వెల్లా సన్నటి దారానికి ఈక ఎర కట్టి, దానికి రెండు నిలువుల పైన బెండు బిగిస్తుంది. సాగి ఊగే పొడుగాటి కర్రతో రాతిగోడ పక్కకి విసురుతుంది. ఆ తర్వాత ఏమీ చెయ్యదు. ఆ ఏమీ చెయ్యకపోవడమే ఆమె విద్య. చిరుగాలికి అల లేచి బెండు ఊగుతుంది, బెండు ఊగితే అడుగున ఈకలు ఊపిరి పీల్చినట్టు విచ్చుకుని ముడుచుకుంటాయి. గాలి లేని రోజున కర్ర కొసని వణికీ వణకనట్టు వణికిస్తుంది. నిదానమే ప్రధానమని అందరూ అంటారు, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే నిదానంగా ఉండమనండి చూద్దాం.

ఇంకో కిటుకు ఉంది. వేసవిలో చేప ఎర పట్టిందంటే బెండు బుడుంగున మునుగుతుంది, చిన్నపిల్లలకీ తెలుసు. చలిలో బాస్ అలా చెయ్యదు. ఎరని మెల్లగా నోట్లోకి తీసుకుని కాస్త పైకి లేస్తుంది. దారం వదులై, నిలబడ్డ బెండు పక్కకి వాలి నీటి మీద పడుకుంటుంది. మునిగేదాకా చూద్దామని కూర్చున్నవాడు సాయంత్రం దాకా కూర్చోవచ్చు. పడుకున్న క్షణంలో కర్రని కుదుపు లేకుండా ఒక్క ఊపున వెనక్కి లాగాలి.

సోర్‌వుడ్ సరస్సులో చలికాలంలో పట్టిన అతి పెద్ద చేప ఎవరిదంటే ఆమె మొగుడు హోబర్ట్‌ది. కొట్లో పొయ్యి వెనక గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. రేవు దగ్గర రెడ్‌బడ్ చెట్టు పూసేలోపు పట్టిన చేపలకే దాని మీద చోటు. చెట్టు పూసిందంటే నీళ్ళు వేడెక్కినట్టే, ఆ తర్వాత ఎవడైనా పడతాడు. బోర్డు మీద అన్నిటికన్నా పైన హోబర్ట్ మాక్స్‌ఫీల్డ్, ఎనిమిది పౌండ్ల రెండు ఔన్సులు. పక్కన ఫోటో. చేపని చేతుల మీద పెట్టుకుని పడుచు హోబర్ట్ నవ్వుతుంటాడు. ఫోటో అంచున ఒక ఆడమనిషి మోచెయ్యి కనిపిస్తుంది.

ఆ మోచెయ్యి ఆర్వెల్లాది. ఆవేళ హోబర్ట్ గాలానికున్న ఈకలు కట్టింది ఆమె. పడవ తెడ్డు వేసింది ఆమె. బెండు పడుకున్నప్పుడు హోబర్ట్ బిస్కెట్టు రొట్టె మధ్యన మాంసపు సాసేజి పెట్టుకుంటున్నాడు. "లాగు!" అని ఆర్వెల్లా అరిస్తే ఉలిక్కిపడి లాగాడు. మొదటి ఏడాది ఈ కథ చెప్పినప్పుడల్లా "మా ఆవిడ అరిచింది" అనేవాడు. రెండో ఏటికి అరుపు కాస్త చిన్నదైంది. మూడో ఏటికి బెండుని చూసినవాడూ, లాగినవాడూ కూడా తనే అయిపోయాడు. హోబర్ట్ చెడ్డవాడేం కాదు. కథ పదిసార్లు చెబితే అరిగిపోయే ముక్కలు ఎప్పుడూ పక్కవాళ్ళవే, అంతే. ఆర్వెల్లా ఆ కథ విన్న ప్రతిసారీ కాఫీ కప్పులోకి చూసేది. మొగుడి మీద ప్రేమ ఉంది, బోర్డు మీద కన్నూ ఉంది. రెండూ నిజమే.

ఇక కాటా సంగతి. ఆ బోర్డు మీది చేపలన్నిటినీ తూచింది ఇత్తడి ముఖం ఉన్న స్ప్రింగు కాటా. ఇప్పుడు కొట్టు నడిపే క్లోవిస్ టిడ్వెల్ తండ్రి ఏమోస్ కాలం నుంచి గుమ్మం పక్కన వేలాడేది. అది చేపకి ఒక అర పౌండు, అంటే ఎనిమిది ఔన్సులు, మర్యాద కలిపి చూపిస్తుందని రేవులో ప్రతివాడికీ తెలుసు, ఎవడూ అనడు. ఏమోస్ ఉన్నప్పుడు పొరుగూరివాడెవడో "మీ కాటా కొంచెం ఉదారంగా ఉన్నట్టుందే" అన్నాడట. ఆ పొయ్యి దగ్గర వాడికి మళ్ళీ ఎవరూ కుర్చీ జరపలేదు.

పోయిన శరదృతువులో క్లోవిస్‌కి పోటీలు పెట్టాలన్న సరదా పుట్టి, సర్కారు ముద్ర వేసిన కొత్త కాటా కొన్నాడు. పాతదాన్ని కాఫీ కుండ మీద అలంకారంగా తగిలించాడు. ఆ రోజు నుంచి సోర్‌వుడ్ సరస్సులో చేపలు చిక్కిపోయాయి! ఎవడు ఏది పట్టుకొచ్చినా వాడు అనుకున్నదానికన్నా అర పౌండు తక్కువ. కాటా మాట ఎత్తాలంటే పాత మర్యాద మాట ఎత్తాలి. అందుకని ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ సరస్సు మీద పడ్డారు. ఆనకట్టవాళ్ళు నీళ్ళు ఎక్కువ వదిలేస్తున్నారన్నారు. షాడ్ పిల్లచేపలు చచ్చిపోయాయి, బాసులకి తిండి లేదన్నారు. చేపల శాఖ మనిషిని పిలిపించి పంచాయతీ కూడా పెట్టారు. పాపం ఆ మనిషి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, సరస్సుకి ఏ జబ్బూ లేదని చెప్పి పంపాడు. వాళ్ళు నమ్మలేదు.

ఆ ఫిబ్రవరిలో చర్చి వాళ్ళ బీన్స్, హామ్ భోజనాల దగ్గర హోబర్ట్ తమ్ముడు డెవిట్ నోరు జారాడు. డెవిట్ బోర్డు మీద రెండోవాడు. కుదుపుల ఎరలంటే ప్రాణం. చలిలో కూడా ఎరని కుదిపి కుదిపి లాగుతాడు, మధ్యన ఆపమంటే సిగరెట్టు వెలిగించేంత సేపు కూడా ఆపలేడు.

"ఏం వదినా, ఇంకా ఆ బెండాటేనా? మా మనవరాలు కూడా అదే ఆడుతోంది. దానికి అయిదేళ్ళు," అన్నాడు, మొక్కజొన్న రొట్టె నములుతూ.

"మీ మనవరాలికి తాత బుద్ధి రాలేదన్నమాట. బతికిపోయింది," అంది ఆర్వెల్లా.

"మాటలకేం, ఎన్నైనా చెబుతావు. బోర్డు మీద ఆడపేరు ఒక్కటి చూపించు, నోరు మూసుకుంటా."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. హోబర్ట్ కూడా నవ్వాడు. ఆ నవ్వే ఆర్వెల్లాకి ఎక్కడో తగిలింది. చెంచా కింద పెట్టింది.

"రెడ్‌బడ్ పూసేలోపు ఆ బోర్డు మీద నా పేరుంటుంది. మూలన కాదు, పైన," అంది. "అందరి పైన."

పైన ఉన్నది ఎవరో అందరికీ తెలుసు, ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు.

అన్నమాట అన్నదే గానీ రోజులు కలిసి రాలేదు. ఒకరోజు ఎండ కాసి నీళ్ళు అద్దంలా ఉండేవి, ఇంకోరోజు గాలి పడవనే తిప్పేసేది. మంచి చేపలు పడ్డాయి, గొప్ప చేప పడలేదు. ఆర్వెల్లా మాత్రం బెంగపడలేదు. పడవ దిగిన ప్రతిసారీ రేవు గట్టున రెడ్‌బడ్ కొమ్మని వంచి చూసేది. మార్చి మొదట్లో మొగ్గలు గులాబి రంగు తిరిగాయి. మర్నాడు తెల్లారి కిటికీ తీస్తే ఆకాశం కిందికి దిగి ఉంది, సన్నటి చినుకు, సరస్సు మీద గరుకు గరుకుగా చిన్న అలలు.

"లే హోబర్ట్! ఇవాళే," అంది దుప్పటి లాగేస్తూ.

"నిన్నా ఇదే అన్నావు."

"నిన్న ఆశపడ్డాను. ఇవాళ చెబుతున్నాను."

మోకాళ్ళు అరిగాక హోబర్ట్ పని పడవ నడపడం, చేతివల పట్టుకోవడం. పడవని రాతిగోడ పక్కకి తీసుకెళ్ళి, దాని పొడుగునా మెల్లగా జారనిచ్చాడు. దారం దూరే కర్ర కళ్ళలో మంచు గడ్డకడుతుంటే ఆర్వెల్లా కొసని నీళ్ళలో ముంచి కరిగించి మళ్ళీ విసిరేది. ఒక మలుపు దగ్గర దేవదారు చెట్టు కూలి నీళ్ళలోకి వాలి ఉంది. ఆవేళ హోబర్ట్ చేప పడ్డది అక్కడే. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు.

బెండు వెళ్ళి కొమ్మలకి జానెడు దూరంలో నిలబడింది. ఊగింది. మళ్ళీ ఊగింది. హోబర్ట్ బిస్కెట్టు పొట్లం విప్పుతున్నాడు.

బెండు పడుకుంది.

ఆర్వెల్లా కర్ర అప్పటికే వెనక్కి వచ్చేసింది. "లాగు!" అని హోబర్ట్ గావుకేక పెట్టాడు.

"లాగాను! ఆ వల తియ్యి!"

కర్ర పిడి దాకా వంగిపోయింది. దారం వెంట్రుకంత సన్నం, తొందరపడితే తెగుతుంది. చేప అడుగుకి పోతానంటే పోనిచ్చింది, అలిసి ఆగితే రీలు తిప్పింది. చేప చెట్టు వైపు తిరిగినప్పుడు మాత్రం కర్రని పక్కకి పడుకోబెట్టి, పళ్ళు బిగించి, "నీకు అటు చుట్టాలెవరూ లేరమ్మా, ఇటు రా," అంది. హోబర్ట్ ఊపిరి బిగబట్టి వల నీళ్ళలో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ మోకాళ్ళ మీద కూర్చోవడం అతనికి ఎంత నరకమో ఆమెకి తెలుసు. చేప పైకి తేలింది, కంచు రంగు ఒళ్ళు, ఎర్రటి కన్ను. వల దాని కిందికి వెళ్ళింది.

పడవలోని నీళ్ళతొట్టిలో చేప తోక మడిచి పడుకుంది. హోబర్ట్ మూత పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. పాతికేళ్ళ క్రితం తన చేతుల మీద ఉన్న చేప అతనికి బాగా గుర్తుంది.

"నాదానికన్నా పెద్దదే," అన్నాడు చివరికి.

ఆర్వెల్లా సంతోషం పట్టలేక చినుకుల్లోకి మొహం పెట్టి నవ్వింది. పడవ రేవు వైపు తిరిగి కొంత దూరం వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. కొత్త కాటా గుర్తొచ్చింది. దీనికి మర్యాద కలిపేవాళ్ళు లేరు. నిజం తూకం వేస్తే ఎనిమిది దాటదు. పెద్ద చేప పట్టి కూడా చిన్న అంకె దగ్గర నిలబడాలి. పోనీ నోరు విప్పి పాత కాటా గుట్టు బయటపెడితే? ఒక్క మాట చాలు. కానీ ఆ మాటకి హోబర్ట్ చేపా చిక్కిపోతుంది, బోర్డు మీదున్న వాళ్ళందరి చేపలూ చిక్కిపోతాయి. వాళ్ళలో సగంమంది శ్మశానంలో ఉన్నారు, లేచి వచ్చి సమాధానం చెప్పుకోలేరు. ముసలి ఏమోస్ దొంగ తూకం వాడైపోతాడు. మొగుణ్ణి దించి ఎక్కడమా, కిందే ఉండిపోవడమా? రెండూ ఆమెకి నచ్చలేదు.

కబురు వాళ్ళకన్నా ముందే చేరింది. హోబర్ట్ గావుకేక నీళ్ళ మీద రెండు మలుపుల దాకా వినిపించిందట. చేపని నీళ్ళ తొట్టిలో పెట్టి లోపలికి తెచ్చేసరికి పొయ్యి దగ్గరి కుర్చీలన్నీ ఖాళీ, మనుషులంతా కాటా చుట్టూ ఉన్నారు. క్లోవిస్ తడి సంచిలో పెట్టి కొత్త కాటాకి తగిలించి, సంచి బరువు తీసేసి చదివాడు.

"ఏడు పౌండ్ల పధ్నాలుగు ఔన్సులు." నేల చూపులు చూస్తూ, "గొప్ప చేప, మేడమ్. ఈ ఏడాదికి ఇదే పెద్దది," అన్నాడు.

"అయ్యయ్యో, కొంచెంలో పోయింది వదినా," అన్నాడు డెవిట్. వెక్కిరింపే గానీ గొంతులో బలం లేదు. ఆ చేపని చూసిన ఎవడికైనా అది పాత కాటా మీద ఎంత తూగుతుందో తెలుస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒకడు టోపీ సర్దుకున్నాడు, ఒకడు పొయ్యిలో కట్టె ఎగదోశాడు. ఆమె ఇప్పుడు పాత కాటా మాట ఎత్తుతుందేమోనని అందరికీ భయం.

ఆర్వెల్లా చేపని తొట్టి నీళ్ళలోకి దించి, చేతులు కోటుకి తుడుచుకుని, కాఫీ కుండ వైపు చూసింది. ఇత్తడి ముఖం అక్కడే వేలాడుతోంది. పడవలో దొరకని దారి అక్కడ దొరికింది.

"క్లోవిస్, దాన్ని దించు."

"ఏది? ఆ పాతదా?"

"హోబర్ట్ చేపని దేని మీద తూచారు?"

క్లోవిస్ పాత కాటా వైపు చూశాడు. "దాని మీదే."

"డెవిట్ చేపని?"

"దాని మీదే, మేడమ్."

"మరి నాదీ దాని మీదే తూచు. అందరూ ఒక కాటా మీద ఎక్కి, నేనొక్కదాన్నీ ఇంకో కాటా మీద ఎక్కాలా?"

"అదెలా కుదురుతుంది వదినా?" డెవిట్ ముందుకొచ్చాడు. "కొత్తదానికి సర్కారు ముద్ర ఉంది. అది నిజం."

"పాతది అబద్ధం అంటున్నావా?" అంది ఆర్వెల్లా, చాలా నెమ్మదిగా. "గట్టిగా చెప్పు. అందరూ వింటారు."

డెవిట్ నోరు తెరిచాడు. బోర్డు మీద తన పేరు వైపు ఒకసారి చూశాడు. వెనక్కి జరిగాడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి హోబర్ట్ మాట్లాడాడు. మోకాళ్ళు నొప్పి పుట్టి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"కాటా దించు క్లోవిస్. ఇంకో మాట కూడా వినండి. ఆవేళ బెండు పడుకోవడం నేను చూళ్ళేదు. తింటున్నాను. 'లాగు' అని అరిచింది ఈవిడ. ఈవిడ అరవకపోతే ఆ బోర్డు మీద నేనే లేను."

ఆర్వెల్లా అతని వైపు తిరిగి చూడలేదు. చూస్తే కళ్ళలో నీళ్ళు అందరికీ కనిపిస్తాయి.

క్లోవిస్ కుర్చీ ఎక్కి పాత కాటా దించాడు, దుమ్ము దులిపి గుమ్మం పక్కన పాత మేకుకి తగిలించాడు. తడి సంచి కొక్కేనికి వేసి, దాని బరువు తీసేశాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

"ఎనిమిది పౌండ్ల ఆరు ఔన్సులు," అన్నాడు, ఈసారి గట్టిగా.

కొట్లో ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవడో క్లోవిస్ వీపు చరిచాడు, చేప పట్టింది వాడైనట్టు. ఆర్వెల్లా ఆ సందడికి ఆగలేదు. తొట్టి ఎత్తించి రేవు చివరికి తీసుకెళ్ళి, చేపని రెండు చేతులతో నీళ్ళలో నిలబెట్టింది. మొప్పలు ఆడాయి. వేళ్ళ మధ్య నుంచి బరువు జారిపోయి, నీళ్ళు నల్లగా మిగిలాయి. తిరిగి వచ్చేసరికి డెవిట్ నిచ్చెన మీద ఉన్నాడు, చేతిలో కుంచె, రంగు డబ్బా.

"స్పెల్లింగు తప్పు రాశావంటే ఊరుకోను," అంది.

"పైకి ఎక్కి మరీ రాస్తున్నా కదా వదినా, ఇంకా ఏం కావాలి?" అన్నాడు డెవిట్. మాట ప్రకారం ఆ పూటంతా ఇంకేమీ అనలేదు. అంతసేపు అతను నోరు మూసుకోవడం కూడా ఆ సరస్సులో రికార్డే.

బోర్డు చేపలకి పాత కాటా, పోటీలకి కొత్త కాటా అని ఆరోజే తేలిపోయింది. ఎవరూ తీర్మానం చెయ్యలేదు, క్లోవిస్ దాన్ని మేకు మీద నుంచి తియ్యలేదు, అంతే. ఆ వారంలోనే సోర్‌వుడ్ సరస్సులో చేపలు మళ్ళీ ఒళ్ళు చేశాయి. ఆనకట్టవాళ్ళు బుద్ధి తెచ్చుకున్నారని పొయ్యి దగ్గర చెప్పుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కు ఆర్వెల్లా నడిపింది. గట్టు మలుపులో రెడ్‌బడ్ కొమ్మ మీద ఒకే ఒక్క పువ్వు విచ్చి ఉంది. హోబర్ట్ దాన్ని చూశాడు, మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"నిజం చెప్పు," అన్నాడు. "నాది అసలు ఎంత ఉండి ఉంటుందంటావు?"

"బోర్డు మీద రాసినంత."

"మరి నీది?"

"దానికన్నా ఎక్కువ," అంది ఆర్వెల్లా.